సరి–బేసి గుర్తులు, ఈడెన్ తోట: సుట్నర్ వ్యాసంపై విమర్శ

చుక్కలు పెట్టి, వాటిలో కొన్నింటిని గీతలతో కలిపితే ఏర్పడే ఆకృతిని గణితజ్ఞులు గ్రాఫ్ అంటారు. చుక్కను శీర్షమనీ, గీతను అంచు అనీ వ్యవహరిస్తారు. ముగ్గు వేసే ఇల్లాలికి గీత ఎక్కడ వంగినదీ ముఖ్యమే. గ్రాఫ్ విషయంలో ఆ వంపుతో పని లేదు. ఏ చుక్క ఏ చుక్కతో కలిసినదో, ఆ ఒక్కటే లెక్కకు వస్తుంది. ఇట్టి గ్రాఫులో ప్రతి శీర్షం వద్ద ఒక దీపమూ, ఒక మీటా ఉన్నవని అనుకొనవలెను. ఒక మీట నొక్కినప్పుడు అక్కడి దీపమూ, దానితో గీత ద్వారా కలిసిన పొరుగు దీపాలన్నీ స్థితి మార్చుకొంటవి. వెలుగుతున్నది ఆరిపోతుంది, ఆరినది వెలుగుతుంది. మొదట దీపాలన్నీ ఆరి ఉన్నవి. కొన్ని మీటలు నొక్కి చివరకు దీపాలన్నీ వెలిగి ఉండేటట్లు చేయవచ్చునా?

క్లౌస్ సుట్నర్ 1989లో ‘ది మ్యాథమెటికల్ ఇంటెలిజెన్సర్’ పత్రికలో రేఖీయ సెల్యులార్ ఆటోమేటాల గురించీ, ‘ఈడెన్ తోట’ గురించీ ఒక వ్యాసం ప్రచురించినాడు. అందులో ఈ ప్రశ్నకు సమాధానం ఉన్నది: చేయవచ్చును. గ్రాఫ్ ఎట్టిదైనా, ఎంత వంకరగా అల్లినదైనా, శీర్షాల సంఖ్య పరిమితమైతే చాలు. మినహాయింపు ఒక్కటీ లేదు. శీర్షాలకు 0, 1 అని గుర్తులు పెట్టే పనిపై గత అరవై ఏండ్లలో వేలకొలది పత్రాలు వెలువడినవి. వాటిలో ఈ వ్యాసానికి ప్రత్యేక స్థానం ఎందుకు దక్కినది? ఆ స్థానానికి అది ఎంతవరకు అర్హమైనది? వ్యాసం వెలువడి మూడు దశాబ్దాలు దాటిన తరువాత ఈ ప్రశ్నలు వేయడానికి కారణం ఉన్నది. ఈ రంగంలోకి నేడు చేరుతున్న విద్యార్థి ఏ దారి పట్టవలెను అనే సమస్య వీటితో ముడివడి ఉన్నది.

ముందుగా గుర్తుల సంగతి. ఒక మీటను రెండుసార్లు నొక్కితే నొక్కనట్లే. ఏది ముందు నొక్కినా, ఏది వెనుక నొక్కినా ఫలితంలో భేదం లేదు. కనుక నొక్కవలసిన మీటలకు 1 అనీ, విడిచిపెట్టవలసిన వాటికి 0 అనీ గుర్తు పెడితే సమస్య అంతా ఆ గుర్తులలోనే ఇమిడిపోతుంది. ప్రతి శీర్షం వద్ద తన గుర్తునూ, పొరుగువారి గుర్తులనూ కూడితే బేసి సంఖ్య రావలెను. దీపం వెలగడమంటే అదే.

చిన్న ఉదాహరణలు కాగితం మీద వెంటనే సరిచూసుకోవచ్చును. మూడు దీపాలు ఒక వరుసలో ఉంటే నడిమి మీట ఒక్కటి చాలు. మూడు వరుసలు, మూడు నిలువులు గల తొమ్మిది గళ్ళ పలకలో నాలుగు మూలలూ, నడిమి గడీ నొక్కవలెను. నాలుగు వరుసల పలకలో పదహారు దీపాలు ఉన్నా నాలుగు నొక్కులే సరిపోతవి: మొదటి వరుసలో రెండవ గడి, రెండవ వరుసలో నాలుగవది, మూడవ వరుసలో మొదటిది, నాలుగవ వరుసలో మూడవది. ఆ నాలుగింటి పొరుగులు ఒకదాని మీద ఒకటి పడకుండా పలకనంతా సరిగ్గా కప్పివేస్తవి. ఇంత సుళువుగా తేలిన తరువాత ఐదు వరుసల పలక కూడా అట్లే లొంగుతుందని ఎవరైనా అనుకొంటారు. దానికి 15 నొక్కులకు తక్కువ పనికిరావు. పలక కొద్దిగా పెరిగితే జవాబు ఇంత మారిపోతున్నప్పుడు, అన్ని గ్రాఫులకూ కలిపి ఒకే మాట చెప్పవచ్చునని ఊహించడం కష్టం. ఏదో ఒక మూల ఎదురు ఉదాహరణ దాగి ఉండవచ్చుననే అనుమానం సహజం.

అట్టి ఎదురు ఉదాహరణ ఉంటే దాని స్వరూపం ఎట్లుండవలెనో చూస్తే నిరూపణ దానంతట అదే బయటపడుతుంది. కొన్ని దీపాలను ఏరి ‘సాక్షులు’ అని పేరు పెట్టవలెను. ఏ మీట నొక్కినా సాక్షులలో సరి సంఖ్య గల దీపాలు మాత్రమే మారేటట్లు ఆ ఏరిక ఉన్నదనుకొందురు గాక. అప్పుడు వెలిగి ఉన్న సాక్షుల సంఖ్య మొదట సున్న, ఆ తరువాత ఎన్ని మీటలు నొక్కినా సరి సంఖ్యే. సాక్షుల మొత్తం సంఖ్య బేసి అయితే వారందరూ ఒకేసారి వెలగడం అసంభవం. అనగా బేసి సంఖ్య గల సాక్షి సమూహం ఒకటి దొరికితే దీపాలన్నీ వెలిగించడం సాధ్యం కాదు. దీనికి విలోమం కూడా నిజం: కోరిన స్థితిని చేరడం అసాధ్యమైతే, ఆ అసాధ్యతను పట్టి ఇచ్చే సాక్షి సమూహం ఒకటి తప్పక ఉంటుంది. ఈ విలోమాన్ని రేఖీయ బీజగణితం నుండి అరువు తెచ్చుకోవలెను. సుట్నర్ నిరూపణలో బయటి నుండి తెచ్చుకొన్న సామగ్రి ఇంతే.

ఇక మిగిలినది, బేసి సంఖ్య గల సాక్షి సమూహం ఉండజాలదని చూపడం. సాక్షులలో ఒక దీపాన్ని తీసుకొని దాని మీట నొక్కవలెను. ఆ దీపం తానూ మారుతుంది, సాక్షులలోని దాని పొరుగువారూ మారుతారు. మొత్తం సరి కావలెను. తానొకటి పోగా మిగిలిన సాక్షి పొరుగుల సంఖ్య బేసి. ప్రతి సాక్షికీ ఇదే మాట వర్తిస్తుంది. అనగా సాక్షులను ఒక సభగా భావిస్తే, సభలోని ప్రతి వ్యక్తికీ ఆ సభలో బేసి సంఖ్య గల మిత్రులున్నారు. ఒక్కొక్కరు తమ మిత్రులందరితో కరచాలనం చేస్తే, చేతుల మొత్తం లెక్క కరచాలనాలకు రెట్టింపు, కాబట్టి సరి. బేసి సంఖ్యలను కూడితే సరి సంఖ్య రావాలంటే అవి సరి సంఖ్యలో ఉండవలెను. కనుక సాక్షుల సంఖ్య సరి. ఎదురు ఉదాహరణకు చోటు లేదు.

ఈ కరచాలన సూత్రం ఆయిలర్ 1736 నాటి కోనిగ్స్‌బర్గ్ వంతెనల పత్రంలోనే ఉన్నది. గ్రాఫ్ సిద్ధాంతానికి పుట్టుక అనదగిన ఆ పత్రంలోని ఒక పరిశీలన, రెండువందల యాభై ఏండ్ల తరువాత దీపాల సమస్యను తేల్చివేసినది. సుట్నర్ వ్యాసాన్ని చదివినవారికి కలిగే సంతోషంలో పెద్ద పాలు ఇక్కడినుండి వచ్చినదే.

అయితే ఒక సిద్ధాంతం బలం తెలియాలంటే దాని షరతులను ఒక్కొక్కటిగా సడలించి చూడవలెను. ఇక్కడ షరతులు రెండు. ఒకటి, మీట తన దీపాన్ని కూడా మార్చవలెను. రెండు, పొరుగుతనం పరస్పరం కావలెను: ఇతడు అతనికి పొరుగైతే అతడు ఇతనికి పొరుగే. మూడు దీపాలు, మూడు మీటలు తీసుకొని, ఒక్కొక్క మీట ఒక్కొక్క జంటను మార్చేటట్లు అమర్చితే మూడూ కలిసి ఎన్నటికీ వెలగవు. ప్రతి నొక్కు రెండు దీపాలను మారుస్తుంది, దీపాలు చూడబోతే మూడు. ఈ అమరికను రెండు విధాల చదువవచ్చును. త్రిభుజంలో ప్రతి మీటా తన దీపాన్ని విడిచి పొరుగు రెండింటినే మారుస్తున్నదని చదివితే మొదటి షరతు తప్పినది. ప్రతి మీటా తన దీపాన్నీ, కుడివైపు దీపాన్నీ మారుస్తున్నదని చదివితే రెండవ షరతు తప్పినది. ఏ ఒక్కటి తప్పినా సిద్ధాంతం నిలువదు. 1978లో వచ్చిన ‘మెర్లిన్’ అనే ఆటవస్తువులో ఇట్టి దీపాల ఆట ఒకటి ఉండేది. అందులో మూల మీట నొక్కితే నడిమి దీపం మారుతుంది కాని నడిమి మీట నొక్కితే మూలలు మారవు. పొరుగుతనం ఏకపక్షం అయినందున ఆ ఆటకు సుట్నర్ సిద్ధాంతం నేరుగా వర్తించదు. దీపాల ఆటలన్నింటినీ ఒకే గాట కట్టి చెప్పేవారు ఈ తేడాను గమనించవలెను.

వ్యాసం శీర్షికలోని ‘ఈడెన్ తోట’ అనే మాట బైబిలు నుండి వచ్చినా, గణితంలో దానికి వేరే చరిత్ర ఉన్నది. జాన్ వాన్ నాయ్‌మన్ తన మిత్రుడు ఉలాం సూచనతో, తనను తాను తయారు చేసుకోగల యంత్రాన్ని గళ్ళ కాగితం మీద ఊహించినాడు. ప్రతి గడికీ ఒక స్థితి ఉంటుంది. తరువాతి క్షణంలో దాని స్థితి ఏమిటో తన స్థితినీ, పొరుగు గళ్ళ స్థితులనూ బట్టి ఒకే నియమం నిర్ణయిస్తుంది. ఇదే సెల్యులార్ ఆటోమేటన్. వాన్ నాయ్‌మన్ మరణించిన తరువాత ఆర్థర్ బర్క్స్ ఆ రచనను పూర్తిచేసి 1966లో ప్రచురించినాడు. ఇట్టి యంత్రంలో కొన్ని ఆకృతులకు పూర్వస్థితి అంటూ ఉండదు. యంత్రం ఎంతకాలం నడిచినా వాటిని పుట్టించలేదు. మొదటే ఎవరో అట్లు అమర్చి ఉంచవలెను. అట్టి వాటికి జాన్ ట్యూకీ ‘ఈడెన్ తోట’ అని పేరు పెట్టినాడు. ఎడ్వర్డ్ మూర్ 1962లోనూ, మైహిల్ 1963లోనూ వాటి ఉనికికి కారణం చూపినారు: రెండు భిన్నమైన ఆకృతులు ఒకే ఫలితాన్ని ఇచ్చేచోట, ఎక్కడో ఒక ఆకృతి ఎవరికీ ఫలితం కాకుండా మిగిలిపోతుంది.

సుట్నర్ చేసినది, గళ్ళ కాగితాన్ని విడిచి ఏ గ్రాఫునైనా యంత్రానికి నేలగా తీసుకోవడం. నియమం సరి–బేసి నియమమే: తన గుర్తునూ, పొరుగువారి గుర్తులనూ కూడి బేసి అయితే 1, సరి అయితే 0. నొక్కిన మీటల ఆకృతి మొదటి క్షణం, వెలిగిన దీపాల ఆకృతి రెండవ క్షణం. ఈ భాషలో సిద్ధాంతాన్ని ఇట్లు చెప్పవలెను: సర్వత్రా 1 అనే ఆకృతి ఏ గ్రాఫులోనూ ఈడెన్ తోట కాదు.

మిగిలిన ఆకృతుల మాటేమిటి? దీపాలు ఒకే వరుసలో ఐదు ఉంటే, ఒకటి, రెండు, నాలుగు, ఐదు సంఖ్యల మీటలు నొక్కినప్పుడు ఏ దీపమూ మారదు. అన్ని మార్పులూ జంటలుగా రద్దవుతవి. కనుక 32 ఆకృతులలో 16 మాత్రమే ఫలితాలుగా వస్తవి, తక్కిన సగం ఈడెన్ తోటలే. వరుసలో రెండు, ఐదు, ఎనిమిది, పదకొండు, ఇట్లు మూడుతో భాగిస్తే రెండు మిగిలే సంఖ్యలో దీపాలున్నప్పుడు ఈ చిక్కు వస్తుంది. ఇతర సంఖ్యలకు రాదు. 1995లో టైగర్ ఎలక్ట్రానిక్స్ అమ్మకానికి పెట్టిన ‘లైట్స్ అవుట్’ ఆటలో ఐదు వరుసల పలక ఉన్నది. దాని మీద సాధ్యమైన ఆకృతులు 3,35,54,432. వాటిలో సరిగ్గా నాలుగో వంతు, 83,88,608 మాత్రమే మీటలతో ఆర్పదగినవి. యాదృచ్ఛికంగా దీపాలు వెలిగించి ఒకరి చేతికిస్తే, నాలుగింట మూడు మార్లు వారు జీవితమంతా కూర్చున్నా ఆర్పలేరు.

ఇంతవరకు వ్యాసానికి మెప్పే. లోపమని చెప్పదగినది దాని శీర్షికలోనే ఉన్నది. సెల్యులార్ ఆటోమేటన్ అనగానే పాఠకుడు కాలంలో నడక ఆశిస్తాడు: ఒక ఆకృతి రెండవదై, రెండవది మూడవదై సాగిపోవడం. ఈ ప్రసిద్ధ సిద్ధాంతం ఒక్క అడుగు వెనుకకు మాత్రమే చూపుతుంది. అన్ని దీపాలూ వెలిగిన ఆకృతికి ఒక తండ్రి ఉన్నాడని అది హామీ ఇస్తుంది, తాత ఉన్నాడని ఇవ్వదు. రెండు దీపాలు మాత్రమే ఉన్న గ్రాఫును చూస్తే ఇది తేటపడుతుంది. ఏ మీట నొక్కినా రెండు దీపాలూ కలిసే మారుతవి. రెండూ వెలిగిన ఆకృతికి పూర్వస్థితులు రెండు: ఎడమది ఒక్కటి, లేదా కుడిది ఒక్కటి. ఆ రెండూ ఈడెన్ తోటలే. వంశవృక్షం ఒక తరంతోనే ఆగిపోయినది. యంత్రం దీర్ఘకాలంలో ఏమవుతుందో, ఎన్ని అడుగులకు తిరిగి మొదటికి వస్తుందో తెలుసుకోదలచినవారు సుట్నర్‌కు ముందే, 1984లో మార్టిన్, ఒడ్లిజ్‌కో, వుల్ఫ్రామ్ కలిసి వ్రాసిన బీజగణిత పత్రాన్ని చూడవలెను. వలయాకారపు వరుసలలో సరి–బేసి యంత్రాల ఆవర్తనాలను అక్కడ లెక్కించినారు.

కాలంతోపాటు నడిపిస్తే సరి–బేసి నియమం చూపే వింతలు తక్కువవి కావు. అంతులేని వరుసలో ఒక్క గడిలో 1 ఉంచి, తనను విడిచి ఇరువైపుల పొరుగులను మాత్రమే కూడే నియమంతో నడిపితే, ఒకదాని క్రింద ఒకటిగా వ్రాసిన వరుసలలో మేరుప్రస్తారం బయటపడుతుంది, బేసి సంఖ్యల చోట 1, సరి సంఖ్యల చోట 0. పింగళుని ఛందస్సూత్రాలకు పదవ శతాబ్దంలో వ్యాఖ్య వ్రాసిన హలాయుధుడు గురులఘువులను లెక్కించడానికి వేసిన మేరువే ఇది. గళ్ళ పలకపై నలువైపుల పొరుగులను కూడే నియమంతో ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్ చూపిన విచిత్రం ఇంకొకటి: ఏ బొమ్మ గీసినా, తగినంత పెద్ద రెండు ఘాతపు సంఖ్యలో అడుగులు గడిచేసరికి దానికి నాలుగు ప్రతులు తయారవుతవి. రెండు పదాల మొత్తాన్ని వర్గం చేస్తే మధ్య పదం రెట్టింపై వస్తుంది. సరి–బేసి లెక్కలో రెట్టింపు సున్న, కనుక మధ్య పదం మాయం. ప్రతులు పుట్టడానికి కారణం ఇంతకు మించి లేదు. పునరుత్పత్తి అనగానే జీవరహస్యాన్ని ఊహించుకొనేవారికి ఇది కొంత నిరాశ కలిగించవచ్చును.

సుట్నర్ సిద్ధాంతానికి రెండవ పరిమితి సుట్నరే చెప్పినది. మీటల ఏరిక ఒకటి ఉన్నదని తెలియడం వేరు, అతి తక్కువ మీటలతో పని ముగించడం వేరు. ఒక జవాబును కనుగొనడం సులభం. బడిలో నేర్పే ఏకకాల సమీకరణాల పద్ధతిని 0, 1లతో నడిపితే చాలు. అతి చిన్న జవాబును కనుగొనడం మాత్రం సాధారణ గ్రాఫులకు మహా కష్టమైన లెక్కల కోవకు చెందినదని 1988 నాటి తన మరొక పత్రంలో సుట్నర్ చూపినాడు. అట్టి లెక్కలను త్వరగా చేసే పద్ధతి ఏదీ ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

సిద్ధాంతం వెనుక ఉన్న యుక్తి మాత్రం దీపాల ఆటకంటె పెద్దది. కొన్ని శీర్షాల వద్ద మీట తన దీపాన్ని కూడా మారుస్తుందనీ, మరికొన్నింటి వద్ద పొరుగు దీపాలనే మారుస్తుందనీ ఇష్టం వచ్చినట్లు నిర్ణయించినా, మొదటి రకం దీపాలు మాత్రమే వెలిగి, రెండవ రకం ఆరి ఉండే స్థితిని చేరడం ఎల్లప్పుడూ సాధ్యమే. సాక్షుల వాదం మాట మార్చకుండా ఇక్కడా నడుస్తుంది. సాక్షి సభలో బేసి సంఖ్య గల మిత్రులున్నవారు మొదటి రకంవారే, వారి సంఖ్య సరి. ఇప్పుడు, బేసి సంఖ్య గల పొరుగువారున్న శీర్షాలను మొదటి రకంగా తీసుకొనవలెను. మీట నొక్కినవారిని ఒక గదిలో, నొక్కనివారిని మరొక గదిలో కూర్చోబెట్టవలెను. పొరుగులు బేసి సంఖ్యలో ఉన్నవాడు మీట నొక్కినవాడైతే, తన దీపం వెలగాలి కనుక నొక్కిన పొరుగుల సంఖ్య సరి. నొక్కనివాడైతే నొక్కిన పొరుగులు బేసి, కనుక తన గదిలో మిగిలినవారు సరి. పొరుగులు సరి సంఖ్యలో ఉన్నవాడి దీపం ఆరి ఉండవలెను కాబట్టి అతనికి నొక్కిన పొరుగులు సరి, నొక్కనివారూ సరి. వెరసి, ఎంతమంది ఎట్లు పరిచయస్తులైనా సరే, వారిని రెండు గదులలో పంచి, ప్రతివారికీ తమ గదిలో సరి సంఖ్య గల పరిచయస్తులు మాత్రమే ఉండేటట్లు చేయవచ్చును. ఇది హంగేరీ గణితజ్ఞుడు తిబోర్ గల్లాయ్ సిద్ధాంతం. లొవాస్ 1979లో ప్రచురించిన సమస్యల గ్రంథంలో కనిపిస్తుంది. దీపాలూ లేవు, యంత్రాలూ లేవు, కాని లోపలి ఎముక ఒకటే. సుట్నర్ వ్యాసాన్ని ఆటగా మాత్రమే చదివి మూసివేసేవారికి ఈ చుట్టరికం తెలియకుండా పోతుంది.

ఇక గుర్తులు పెట్టే పత్రాల సంగతి. ఈ విద్యకు మూలపురుషుడు అలెగ్జాండర్ రోసా. 1967లో అతడు ఒక నియమం ప్రతిపాదించినాడు. విడివిడి ముక్కలు కాకుండా అంతా కలిసి ఉండి, చక్రాలు లేని గ్రాఫును చెట్టు అంటారు. ఒక చెట్టుకు ఎన్ని అంచులున్నవో చూచి, శీర్షాలకు 0 నుండి ఆ సంఖ్య వరకు వేరువేరు గుర్తులు పెట్టవలెను. అంచుల కొనల గుర్తుల తేడాలు 1 నుండి ఆ సంఖ్య వరకు ఒక్కొక్కటి ఒక్కసారి రావలెను. సాలమన్ గోలంబ్ తరువాత దీనికి ‘సొగసైన గుర్తులు’ అనే అర్థం గల పేరు పెట్టినాడు. రోసాకు ఇది వినోదం కాదు. 1963లో గెర్హార్డ్ రింగెల్ చేసిన ఊహ ఒకటి ఉన్నది: సంపూర్ణ గ్రాఫును, అంచుల సంఖ్య సరిపడే ఏ చెట్టుకైనా ప్రతులుగా ముక్కలు చేయవచ్చునని. చెట్లన్నింటికీ సొగసైన గుర్తులు దొరికితే రింగెల్ ఊహ నిరూపితమవుతుంది. అనగా గుర్తులు మరొక పెద్ద పనికి పనిముట్లు. చెట్లన్నిటికీ అవి దొరుకుతవా అనేది ఇప్పటికీ తేలలేదు. రింగెల్ ఊహను మాత్రం, తగినంత పెద్ద చెట్లకు, మాంట్‌గోమరీ, పొక్రోవ్‌స్కీ, సుడకోవ్ 2021లో వెలువడిన పత్రంలో నిరూపించినారు.

1987లో కాహిట్ ఈ నియమాన్ని బాగా సడలించినాడు. శీర్షాలకు 0 లేదా 1 పెట్టవలెను. కొనల గుర్తులు వేరైన అంచుకు 1, ఒకటే అయిన అంచుకు 0. శీర్షాలలోనూ, అంచులలోనూ 0ల సంఖ్యకూ 1ల సంఖ్యకూ తేడా ఒకటికి మించరాదు. చెట్లన్నింటికీ ఇట్టి గుర్తులున్నవని కాహిట్ నిరూపించినాడు. అంతటితో ఆగక, ప్రతి శీర్షానికీ సరి సంఖ్య గల అంచులుండి, మొత్తం అంచులను నాలుగుతో భాగిస్తే రెండు మిగిలే గ్రాఫుకు ఇట్టి గుర్తులు ఉండజాలవని కూడా చూపినాడు. కారణం చక్కనిది: అట్టి గ్రాఫులో 1 గుర్తు గల అంచుల సంఖ్య ఎప్పుడూ సరి, కాని సమానంగా పంచాలంటే అది బేసి కావలెను. మళ్ళీ కరచాలన సూత్రమే. ఈ రెండు ఫలితాలూ నిజమైన గణితం. వాటికి ఎవరూ వంక పెట్టలేరు.

తరువాత జరిగినది వేరు. నియమాన్ని ఇంకొంచెం మార్చడం, దానికి కొత్త పేరు పెట్టడం, చక్రం, విసనకర్ర, నిచ్చెన, గొడుగు అని పేర్లు గల గ్రాఫులకు ఒక్కొక్కదానికి గుర్తులు పెట్టి చూపడం ఒక ఆనవాయితీ అయినది. జోసెఫ్ గాలియన్ 1998 నుండి ఎప్పటికప్పుడు పెంచుతూ వస్తున్న సమీక్షలో ఇట్టి విధానాలు 200కు పైగా, పత్రాలు 2,500కు పైగా లెక్కకు వచ్చినవి. వాటిలో భారతదేశపు కళాశాలల నుండి వెలువడినవి చాలా ఉన్నవి. గాలియన్ ఓపికకు నమస్కరించవలసిందే. ఆ జాబితా లేకపోతే చేసిన పనినే పదిమంది మళ్ళీ చేసి ఉండేవారు. కాని ఒక కొత్త నియమాన్ని ‘నిచ్చెన గ్రాఫు దీనికి లోబడుతుంది’ అనే వాక్యంతో మొదలుపెట్టి ‘గొడుగు గ్రాఫు కూడా లోబడుతుంది’ అనే వాక్యంతో ముగించే పత్రం చదివిన తరువాత, ఆ నియమం ఎందుకు పుట్టినదో, లోబడని గ్రాఫును ఏది అడ్డుకొంటున్నదో పాఠకునికి తెలియదు. సాక్షి లేడు. పరిశోధనకు చేరిన విద్యార్థి రెండు మూడు ఏండ్లు ఇట్టి పట్టికలు నింపి పట్టం పుచ్చుకొని, తన గుర్తులు గణితంలో మరి దేనితోనూ కలియవని ఆలస్యంగా గ్రహిస్తే ఆ నష్టం ఎవరిది? తప్పు విద్యార్థిది కాదు. పని ఏరి ఇచ్చినవారిది.

చిన్న గ్రాఫులతో చేతితో పని చేయడం నిష్ప్రయోజనమని దీనికి అర్థం కాదు. చెయ్యి తిరగడానికి అంతకు మించిన సాధన లేదు. అవసరమైనది, పట్టిక నింపిన తరువాత వేయవలసిన ప్రశ్న. సుట్నర్ నియమానికే ఒక పట్టిక వేయవచ్చును. చదరపు పలకలో నొక్కినా ఏమీ మారని ఆకృతులు ఎన్ని స్వతంత్రంగా ఉన్నవో లెక్కిస్తే, ఒక వరుస పలక నుండి మొదలుపెట్టి క్రమంగా 0, 0, 0, 4, 2, 0, 0, 0, 8, 0, 6, 0, 0, 4, 0, 8, 2, 0, 16 అని వస్తుంది. చూపుకు ఈ సంఖ్యలలో ఏ క్రమమూ కనిపించదు. అయినా ప్రతిదీ రెండు బహుపదుల సామాన్య భాజకపు ఘాతానికి సమానమని తెలుసు. ఆ బహుపదులు చెబిషెవ్ బహుపదులకు సరి–బేసి రూపాలు. సుట్నరే 2000లో ఆ సంబంధాన్ని విస్తరించి వ్రాసినాడు. ఒక గ్రాఫు కుటుంబాన్ని చేపట్టిన విద్యార్థి, అందులో ఈడెన్ తోటలు ఎన్ని, వాటి సాక్షులు ఎవరు, ఏ బహుపది ఆ సంఖ్యను శాసిస్తున్నది అని అడిగితే, అదే నిచ్చెన, అదే చక్రం అతనికి వేరే పాఠం చెబుతవి. పట్టికలోని చివరి పలక, పందొమ్మిది వరుసలది, ఒక్కదానినే తీసుకొన్నా పని ఉన్నది. దాని మీద దీపాలన్నీ వెలిగించే ఏరికలు 65,536. వాటిలో అతి చిన్నది ఏదో యంత్రం క్షణంలో చెబుతుంది. ఎందుకు అదే చిన్నదయినదో మాత్రం చెప్పదు.